గాదెలోని పురుగు - గృహస్థుని అహింస

గృహస్థుని ఇంట దేవతార్చన జరుగు గది తరువాత అంతటి శుచిత్వము కోరు స్థలము ధాన్యము నిలువయుండు గది. నిత్యము భగవంతునికి నివేదింపబడు తళిగకు మూలము అక్కడనే యున్నది. అతిథి ఆకలి తీర్చునది, పసిబిడ్డ అన్నప్రాశనమునకు వచ్చునది, పితృదేవతలకు పిండమగునది ఆ గదిలోని గింజయే. అట్టి చోట పురుగు పట్టినప్పుడు గృహిణి మనస్సునకు కలుగు కలత సామాన్యమైనది కాదు. పైకి చూచిన అది చాటతో, జల్లెడతో తీరిపోవు చిన్న పని. లోతుగా చూచిన అందులో ఒక ధర్మసందేహము దాగియున్నది. పురుగులను చంపినచో జీవహింస. విడిచిపెట్టినచో అన్నము వ్యర్థము. ఆ బియ్యమును దేవునికి నివేదింపరాదు. పారవేయుటకు చేయి రాదు. ఎవరికైన ఇచ్చివేయుదమన్న మనస్సాక్షి యొప్పదు. సర్వజీవుల యందును వాసుదేవుడు అంతర్యామిగా నున్నాడని విశ్వసించు వైష్ణవ గృహస్థుడు ఈ చిక్కును ఎట్లు విడదీసికొనవలెను?

నెల్లికుదురు సీమలో ధాన్యపు కాపుదల

ఇట్టి ప్రశ్నను వట్టి తర్కముతో గాక, ఒక పల్లెలోని ఇంటి వాకిట నిలిచి పరిశీలించుట మేలు. తెలంగాణములోని నెల్లికుదురు అట్టి పల్లెసీమ. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన ఈ మండలము, 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆ జిల్లా పట్టణమును పెద్దలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. చెరువుల క్రిందను బావుల క్రిందను వరి, మెట్ట చేలలో ప్రత్తి, మొక్కజొన్న, మిరప, కంది, పెసర, కొన్ని చోట్ల పసుపు అక్కడి పంటలు. అమ్ముకొనవలసిన పంట కేసముద్రము వంటి మార్కెట్లకు పోవును. తినవలసినది ఇంట నిలుచును. కనుక ధాన్యమును కాపాడుట అట్టి పల్లెల గృహిణులకు తరతరములుగా వచ్చిన విద్య.

ఆ విద్యలో మొదటి సూత్రము వడ్లను వడ్లుగానే దాచుట. వెదురుతో అల్లి, పేడమట్టితో అలికిన గుమ్ములలో వడ్లు పోసి, కొద్ది దినములకు సరిపడునంత మాత్రమే దంచుకొనెడివారు. పైపొట్టు గింజకు కవచము. ఆ కవచము పగులని వడ్లలో పురుగు సులభముగా చొరజాలదు. పొట్టు తీసిన బియ్యమునకు ఆ రక్షణ లేదు. పూర్వులు బియ్యమును నెలల తరబడి నిలువ చేయకపోవుటలోని వివేకము ఇదియే.

రెండవ సూత్రము ఎండ. తేమ గల గింజ పురుగునకును, బూజునకును పిలుపు వంటిది. కొనుగోలు కేంద్రములలో వడ్లకు 17 శాతము వరకు తేమను అనుమతింతురు. కాని ఇంట నెలల తరబడి నిలువయుండవలెనన్న అది 14 శాతమునకు లోపుగా దిగవలెను. పంటి క్రింద గింజ వంగక టక్కున విరిగిన బాగుగా ఎండినదని రైతు గుర్తు.

మూడవ సూత్రము పప్పుదినుసులకు సంబంధించినది. పెసలలోను, అలసందలలోను మెత్తగా జల్లించిన బూడిద కలిపెడివారు. ఆ బూడిద గింజల నడుమ సందులను నింపి పురుగు కదలికకు అడ్డుపడును, దాని ఒంటిపై నుండు మైనపు పొరను గీచి ఒంటిలోని తడిని ఆర్చివేయును. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టుటయు, ఆముదము పలుచగా రాయుటయు కలదు. వేపాకు, వావిలాకు, ఎండుమిరపకాయలు ధాన్యపు పాత్రలలో నుంచుట అందరికిని తెలిసినదే. వాటి ఘాటునకు పురుగు దూరముగా నుండును.

ఈ పద్ధతులన్నిటిని కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. మన పెద్దల శ్రమలో అధికభాగము పురుగు పట్టక ముందు జరిగినది. పట్టిన తరువాత చేయు పని కొంచెమే. ఈ ఒక్క మాటలో మన ధర్మసందేహమునకు సగము సమాధానము కలదు.

కంటికి కనబడక ముందే

బియ్యములో నల్లగా, చిన్న తొండము వంటి మూతితో తిరుగు పురుగును ముక్కుపురుగు అందురు. కొన్ని ఇండ్లలో లక్కపురుగు అనియు వ్యవహారము. ఆడుపురుగు తన ముక్కుతో గింజకు చిన్న రంధ్రము చేసి, అందులో ఒక గ్రుడ్డు పెట్టి, ఆ రంధ్రమును తన ఒంటి నుండి వచ్చు జిగురుతో మూసివేయును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల గింజలోని పిండిని తినుచు ఆ గింజలోనే పెరుగును. వెచ్చని తేమ గల దినములలో సుమారు ఒక నెలకు రెక్కల పురుగై గింజను తొలిచికొని బయటికి వచ్చును. అనగా, నేడు మన చాటలో కనబడిన పురుగు నేడు వచ్చినది కాదు. అది ఒక నెల క్రిందటి మన అజాగ్రత్తకు ఫలము. ఒక్క ఆడుపురుగు జీవితకాలములో వందల కొలది గ్రుడ్లు పెట్టగలదు. ఈ వారము పది పురుగులను ఏరుటకు సోమరితనము చూపినవారు వచ్చే మాసమున వందల పురుగులను చంపవలసి వచ్చును.

పప్పుదినుసులను పట్టు పుచ్చుపురుగు కథ మరియొక విధము. అది చేను మీదనే, కాయ ఎండు దశలోనే గ్రుడ్డు పెట్టి గింజతో పాటు మన ఇంటికి వచ్చుట కద్దు. గింజపై తెల్లని చుక్కల వలె కనబడునవి దాని గ్రుడ్లు. రెక్కలు వచ్చిన పుచ్చుపురుగు గింజను తినదు. కొద్ది దినములు బ్రతికి, గ్రుడ్లు పెట్టి గతించును. తినునది గింజలోని పిల్ల. ఇది ముఖ్యముగా గుండు గింజలను ఆశ్రయించును. విసరి పప్పు చేసిన దానిని అంతగా పట్టదు. అందుచేత కందులను త్వరగా పప్పు చేయించి దాచుట కూడ ఒక రక్షణయే. ఇక పిండిని, రవ్వను పట్టు ఎర్రని పెంకుపురుగు తన ఒంటి నుండి వెలువడు రసముతో పిండికి చెడు వాసన తెచ్చును. అట్టి పిండి ఆహారమునకే తగదు, నివేదనకు తగదని చెప్పనేల?

నేటి పరిస్థితిలో ఈ జాగ్రత్త మరింత అవసరము. దంపుడు పోయి మిల్లు వచ్చినది. వడ్లకు బదులు బియ్యమే ఇండ్లలో నిలువయుండుచున్నది. తెలంగాణములో 2025 ఏప్రిల్ నుండి రేషను కార్డుపై ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చు పద్ధతి ఆరంభమైనది. ఆ సంవత్సరము వానకాలమును దృష్టిలో నుంచుకొని జూన్, జూలై, ఆగస్టు మాసముల బియ్యమును జూన్ లోనే ఒక్కసారిగా ఇచ్చిరి. నలుగురు గల కుటుంబమునకు అది 72 కిలోలు. వర్షములలో దారులు తెగిన పల్లెలకు అట్టి ఏర్పాటు మేలే. అయితే పురుగు వృద్ధిపొందుటకు మిక్కిలి అనుకూలమైన మాసములు కూడ అవియే. లభించిన అన్నమును కాపాడుకొనవలసిన బాధ్యత గింజ ఇల్లు చేరిన దినముననే మొదలగును.

పూర్తిగా హింస లేని బ్రతుకు కలదా?

ఇప్పుడు సందేహమునకు వత్తము. భారతములోని అరణ్యపర్వమున మిథిలానగరములోని ధర్మవ్యాధుడు కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మమును బోధించిన కథ పాఠకులకు తెలిసినదే. వృత్తిచే మాంసము విక్రయించువాడు, వేదము చదివినవానికి అహింసను గూర్చి చెప్పుట ఆ కథలోని విశేషము. నాగలి నేలను చీల్చునప్పుడు ఎన్ని ప్రాణులు చచ్చుచున్నవో చూడుమని ఆయన అడుగును. వరి మొదలగు గింజలు కూడ జీవము గలవే యని, నడచువాని పాదము క్రింద, పరుండువాని మేని క్రింద కూడ జీవులు నశించుచున్నవని చూపును. అహింసావ్రతులైన యతులు కూడ హింస నుండి పూర్తిగా తప్పించుకొనలేరని, అయితే ప్రయత్నము చేత వారి హింస మిగుల స్వల్పమగునని తేల్చును. హింసను సున్న చేయలేము గదా యని దానిని తగ్గించు యత్నమునే మానరాదు. మన అహింస నిలుచునది ఆ యత్నము మీదనే.

పరాశరస్మృతి కర్షకుని విషయములో ఇట్టి మాటయే చెప్పినది. చెట్లు నరికి, నేల దున్ని, క్రిమికీటకములను చంపిన రైతు ఖలయజ్ఞము చేత శుద్ధుడగునని దాని నిర్ణయము. ఖలమనగా మన కల్లము. పంట ఇల్లు చేరక ముందే కల్లములో అర్హులకు పంచిపెట్టుటయే ఆ యజ్ఞము. మనుస్మృతి గృహిణి పనిముట్లను పేర్కొనినది. పొయ్యి, రోలు, సన్నెకల్లు, చీపురు, నీళ్ళకుండ - ఈ అయిదును గృహస్థుని ఇంటిలోని వధ్యస్థానములని చెప్పి, వాటి వలన కలుగు దోషమునకు నిష్కృతిగా పంచమహాయజ్ఞములను విధించినది. వేదాధ్యయనము, పితృతర్పణము, దేవతారాధనము, భూతబలి, అతిథిపూజ అను ఈ అయిదింటిలో భూతబలి యనగా పక్షులకు, కుక్కలకు, చీమలకు, పురుగులకు కూడ అన్నములో భాగము పెట్టుట. ఏ ఇంటిలో రోటి క్రింద పురుగు నలుగుచున్నదో, ఆ ఇంటి వాకిటనే పురుగునకు మెతుకు పెట్టవలెనన్న మాట.

కొందరు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. ఇష్టము వచ్చినట్లు చంపి, పిదప గుప్పెడు మెతుకులు చల్లిన దోషము పోవునా? పోదు. ఆ నిష్కృతి తప్పని హింసకు చెప్పబడినది. పొయ్యి వెలిగింపక ఎవరును వండలేరు. కాని బియ్యపు డబ్బాకు మూత పెట్టుట మన చేతిలోని పని. మూత పెట్టక పురుగును రప్పించి, తరువాత విషము చల్లి, ఆ పిదప కాకులకు పిండము పెట్టినచో అది యజ్ఞము కానేరదు.

బిడ్డల వలె చూడుమన్న మాట

దీనికి ఎదురుగా మరియొక ఆక్షేపణ కలదు. భాగవతము సప్తమస్కంధములో నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మములను చెప్పుచు, మృగములను, కోతులను, ఎలుకలను, పాములను, పక్షులను, ఈగలను కూడ సొంత బిడ్డల వలె చూడవలెనని ఉపదేశించెను. అట్లైన గుమ్మిని ఎలుకలకును, బియ్యమును పురుగులకును విడిచిపెట్టవలెనా?

ఈ ప్రశ్నకు ఏ తల్లిని అడిగినను సమాధానము దొరకును. బిడ్డకు తల్లి అన్నము పెట్టును, గాదె తాళపుచెవులు ఇయ్యదు. ఒక బిడ్డ మరియొక బిడ్డ కంచములో చేయి పెట్టినచో వారించును. వారించునప్పుడు కోపముతో చంపదు. పురుగును బిడ్డగా చూచుటయు ఇట్టిదే. దాని భాగము దానికి వాకిట పెట్టవచ్చును. ఇంటిల్లిపాది భాగమును, అతిథి భాగమును దాని నుండి కాపాడవచ్చును, కాపాడవలెను కూడ. పురుగునకు తనది, పరునిది అను భేదము తెలియదు. అందుచేత దానికి దొంగతనమను పాపము లేదు. కాబట్టి దానిపై పగకు చోటు లేదు.

మన పల్లెలలో ఈ భావము ఆచారములుగా నిలిచియున్నది. కొత్త వరికంకులను కుచ్చులుగా కట్టి ఇంటి చూరుకును, గుడి మండపమునకును వ్రేలాడదీయుట పిచ్చుకల కొరకు. వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టుట చీమలకును ఆహారమే. గాదెను పదిలముగా మూసికొన్న ఆ ఇల్లాలే చూరుకు కంకులు కట్టినది. ఈ రెండు పనులకును విరోధము లేదు.

ఇదే స్థలమున నారదుడు చెప్పిన మరియొక మాటను మనము తరచుగా మరచుచున్నాము. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంత వరకే దేహధారికి హక్కు కలదని, అంతకు మించి నాదని పట్టుకొనువాడు దొంగ వలె దండనార్హుడని ఆయన హెచ్చరించెను. పురుగులను బిడ్డలుగా చూడుమన్న మాటయు, మితిమించి దాచకుమన్న మాటయు పక్కపక్కనే చెప్పబడినవి. నెల్లికుదురునకు అట్టే దూరము గాని బమ్మెర గ్రామము భాగవతమును ఆంధ్రీకరించిన పోతనామాత్యుని పేరుతో ముడివడినది. ఆయన రాజాశ్రయము కోరక హలము పట్టి జీవించెనని లోకప్రసిద్ధి. ఆ సీమవారికి నారదుని ఈ హెచ్చరిక ఇంటి పెద్ద మాట వంటిది.

హింస తక్కువైన దారి

ఇక ఆచరణకు వత్తము. పురుగు రాకుండ చేయుట ఉత్తమము. వచ్చినదానిని చంపక తొలగించుట మధ్యమము. గత్యంతరము లేనప్పుడు మాత్రమే నశింపజేయుట చివరిది.

ఉత్తమమైన దారికి కావలసినది క్రమము. కొత్త బియ్యమును పాత బియ్యముపై పోయరాదు. డబ్బా ఖాళీయైనప్పుడు కడిగి, ఎండలో ఆరబెట్టి, మూలలలోని నూక, తౌడు పూర్తిగా తుడిచిన తరువాతనే కొత్తది నింపవలెను. పాత గోనెసంచుల కుట్లలో పురుగు దాగియుండును. వాటిని తిరుగవేసి ఎండబెట్టవలెను. సంచులను నేలపైనను, గోడకు ఆనించియు ఉంచక, చెక్కబల్లపై నుంచినచో చెమ్మ తగులదు. గాలి చొరని మూత గల పాత్రలు మేలు. రవ్వ, పిండి వంటివి పక్షమునకు మించి నిలువ చేయకుండుట మరియు మేలు. ఇవన్నియు చిన్న పనులే. కాని ఒక్కొక్కటియు వందల ప్రాణుల వధను తప్పించునది.

మధ్యమమైన దారి చాట, జల్లెడ, నీడ. పురుగు పట్టిన బియ్యమును చాపపై పలుచగా పరచి వెలుతురు తగులనిచ్చిన, తిరుగాడు పురుగులు తమంత తామే అంచులకు చేరి వెడలిపోవును. కటిక ఎండలో బియ్యమును ఎక్కువసేపు ఉంచిన గింజ పగిలి నూకయగును గనుక లేత ఎండ చాలును. పప్పుదినుసులకు మంచి ఎండ తగులవచ్చును. జల్లించగా వచ్చిన దానిని పొయ్యిలో వేయక, ఇంటికి దూరముగా చెట్టు క్రింద పోయవలెను. అందులో కొన్నిటిని పిచ్చుకలు, చీమలు తినును. అది సృష్టిలోని క్రమము. ఇంటి ప్రక్కనే పోసిన అవి తిరిగి గాదెకే చేరునని మరువరాదు.

గింజ లోపల నున్న గ్రుడ్లు, పిల్లలు ఈ పద్ధతిలో పోవు. ఎండవేడికి అవి నశించును. ఆముదము రాసిన గింజపై గ్రుడ్డు బ్రతుకదు. గాలి చొరని పాత్రలో ప్రాణవాయువు తరిగి పురుగు చచ్చును. బూడిద కూడ అట్టిదే. ఇవి హింస కావని మనలను మనము మభ్యపెట్టుకొనరాదు. ఇవియు హింసయే. అయితే ఇంటి వారి ప్రాణమునకు, అన్నమునకు హాని లేకుండ, తక్కువ జీవులతో పని ముగియు హింస. భగవన్నామస్మరణతో, తప్పదను ఎరుకతో చేయవలసిన పని. వేడుకగా గాని, కసిగా గాని చేయవలసినది కాదు.

విషము వద్దు

చివరి దారి విషయములో ఒక హెచ్చరిక అవసరము. గోదాములలో పురుగును చంపుటకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను కొందరు ఇంటి ధాన్యములో కూడ వేయుచున్నారు. గాలిలోని తేమ తగులగానే ఆ బిళ్ళ నుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. మూసిన గదిలో అది మనుష్యులను కూడ చంపును. ధాన్యములో ఆ బిళ్ళలు వేసి అదే ఇంట నిద్రించిన కుటుంబములలో పసిబిడ్డల ప్రాణములు పోయిన ఘటనలు మన దేశములో జరిగియున్నవి. శిక్షణ పొందినవారు, నియమముల ప్రకారము, జనులు నివసింపని చోట మాత్రమే వాడవలసిన మందు అది. చేలపై చల్లు పురుగుమందులను గాదెలో చల్లుటయు, బట్టల పెట్టెలలో నుంచు కలరా ఉండలను బియ్యములో వేయుటయు ఇట్టి అవివేకమే. పురుగు తినగా మిగిలిన అన్నము చెరిగి, కడిగి తినవచ్చును. విషము కలిసిన అన్నమునకు ప్రాయశ్చిత్తము లేదు.

ఇచ్చట ధర్మము, ఆరోగ్యము ఒకే త్రోవను చూపుచున్నవి. పురుగుపై దయ గలవాడు విషమును మొదటనే తలపడు. తలపనందున తన బిడ్డలను కూడ కాపాడుకొనును.

పుచ్చిన గింజ దానమగునా?

ఇక మిగిలినది అన్నిటికంటె సున్నితమైన ప్రశ్న. పురుగు పట్టిన బియ్యమును ఏమి చేయవలెను? అనేక గృహములలో జరుగు సంభాషణ ఒకటి ఇట్లుండును. కోడలు అత్తగారితో, అత్తమ్మా, ఈ బియ్యము మనము తినలేము, గుడి ముందు కూర్చుండు వారికి పెట్టుదమా యని అడుగును. అత్తగారు, పారవేయుట కంటె అదియే పుణ్యము గదా బిడ్డా యని యొప్పుకొనును. ఇద్దరి మాటయందును దురుద్దేశము లేదు. అన్నము నేలపాలు కారాదను భక్తియే కలదు. అయినను ఈ నిర్ణయము సరియైనదా?

కఠోపనిషత్తు ఆరంభమున ఇట్టి దానమే కలదు. వాజశ్రవసుడు యజ్ఞదక్షిణగా ఒట్టిపోయిన ముసలి గోవులను ఇచ్చుచుండగా, బాలుడగు నచికేతుడు చూచి కలతచెందెను. ఇక నీరు త్రాగ శక్తి లేని, గడ్డి మేయ శక్తి లేని, పాలు ఇయ్యని గోవులను ఇచ్చువాడు ఆనందము లేని లోకములకు పోవునని ఆ బిడ్డ తలచెను. తనకు పనికిరానిదానిని ఇతరునకిచ్చి దానమను పేరు పెట్టుటలోని దోషమును ఒక పసివాడు గుర్తించెను. పుచ్చిన పప్పును, తుట్టె కట్టిన బియ్యమును పేదవానికిచ్చుట ఆ ముసలి గోవుల దానము వంటిదే. ఆకలిగొన్నవాని యందున్న అంతర్యామికి ఏది తగదో, మన పూజాగృహములోని మూర్తికి కూడ అది తగదు. ఈ రెండు కొలతలు ఒకటే కావలెను.

అట్లైన మార్గమేమి? కొద్దిగా పురుగు పట్టిన బియ్యమును శ్రమపడి చెరిగి, ఏరి, పలుమారు కడిగి ఆ ఇంటి వారే భుజింపవలెను. నివేదనకును, అతిథికిని, దానమునకును మంచి గింజను వేరుగా తీయవలెను. మనుష్యులు తినరానంతగా పుచ్చినదానిని, వాసనయు బూజును లేనిచో పశువులకు, కోళ్ళకు వేయవచ్చును. బూజు పట్టినదానిని మాత్రము పశువులకు కూడ పెట్టరాదు. మొక్కజొన్న, వేరుశనగ వంటి వాటిపై పెరుగు ఒక విధమైన బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించి కాలేయమును చెరచును. అట్టిదానిని ఎరువుగుంతలో కలిపిన, మట్టియై మరల పంటకు ఉపయోగించును. పైన చెప్పిన అత్తాకోడండ్రకు సరియైన సమాధానము ఇది: చెడిన తరువాత ఇచ్చుట కాదు, చెడక ముందే ఇచ్చుట.

దాచుట దోషమా?

దాచుట దోషమని దీనినిబట్టి అర్థము చేసికొనరాదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపరాదనియు, అన్నమును సమృద్ధిగా చేయుట వ్రతమనియు ఆదేశించుచు, ఇంటికి వచ్చినవానిని కాదనకుండుటకే గృహస్థుడు అన్నమును సంపాదించి యుంచుకొనవలెనని చెప్పినది. కరువు చూచిన నేల మనది. నిండు గుమ్మి ఇంటికి ధైర్యము. కాని ఆ ఉపనిషద్వచనములో దాచుటకును, పెట్టుటకును నడుమ ఉన్న ముడిని గమనింపవలెను. వచ్చువాని కొరకు దాచినది కదలుచుండును. కదలుచున్న గాదెలో పాత గింజ మిగులదు, పురుగునకు నెల దినముల గడువు దొరకదు. ఎవరికిని గాక దాచినది కదలదు. కదలనిదానిని ముందుగా పురుగు కనుగొనును. తన కొరకే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీతాచార్యుడు కర్మయోగమున చెప్పిన మాట గాదెకు కూడ వర్తించును.

శ్రీవైష్ణవ గురుపరంపరలో పెద్దలు చెప్పు ఒక గాథ ఇక్కడ స్మరణీయము. 1268లో అవతరించిన శ్రీ వేదాంతదేశికులు కాంచీపురములో ఉంఛవృత్తితో, అనగా ఇల్లిల్లు తిరిగి తెచ్చుకొన్న బియ్యముతో జీవించుచుండిరి. వారి దారిద్ర్యము చూడలేక ఎవరో ఒక దినమున భిక్షాపాత్రములోని బియ్యములో బంగారు నాణెములు కలిపిరి. ఇంటికి వచ్చిన పిదప బియ్యములో మెరయుచున్నవి ఏమని ధర్మపత్ని అడుగగా, అవి పురుగులని చెప్పి దేశికులు దర్భపుల్లతో వాటిని ఏరి పారవేసిరట. బియ్యములో ఏది పురుగో ఏది కాదో నిర్ణయించిన చూపు అది. గింజను తినునది మాత్రమే పురుగు కాదు. దినమునకు చాలినంతతో తృప్తిపడు మనస్సును తినునది కూడ పురుగే యని వారు ఎంచిరి.

సంసారులమైన మనకు ఆ నిష్ఠ సాధ్యము కాకపోవచ్చును. నెల బియ్యము ముందుగా తెచ్చుకొనక తప్పదు, సంవత్సరపు కందిపప్పు దాచుకొనక తప్పదు. కాని దాచినదానిని వారమునకు ఒకమారు తెరచి చూచుట సాధ్యము. పాతదానిని ముందు వండుట సాధ్యము. పండుగకో, ఏకాదశి మరునాటి పారణకో, గాదెలో మిగులునని తోచినంత ధాన్యమును మంచిగా నున్నప్పుడే కొలిచి అర్హులకిచ్చుట సాధ్యము. వాకిట పిడికెడు గింజలు పక్షులకు వేయుట సాధ్యము. పురుగు కనబడినప్పుడు ముఖము చిట్లింపక, విషము వెదకక, చాట చేతబట్టి కూర్చుండుట సాధ్యము.

అహింస యనునది అడవిలోని మునులకే గాక వంటింటి గృహిణికిని చెందిన వ్రతము. ఆ వ్రతమునకు నియమములు స్వల్పము: ఎండిన గింజ, శుభ్రమైన పాత్ర, గట్టి మూత, మితమైన నిలువ, సకాలములో దానము. వీటిని పాటించు ఇంట చంపవలసిన పురుగులు తక్కువ, పెట్టవలసిన మెతుకులు ఎక్కువ. అట్టి ఇంటి తళిగ శ్రీమన్నారాయణునకు ప్రీతికరమగుననుటలో సందేహము లేదు.